బావుల మీద నిలబడ్డ చర్చి

పాత కట్టడాలు చూడడానికి వెళ్లిన వాళ్లలో చాలామంది నోట వచ్చే ప్రశ్న ఒకటుంది. “ఇంత ఎత్తు, ఇంత బరువు! ఇన్ని వందల ఏళ్లుగా కుంగకుండా ఎలా నిలిచింది?” కొండరాయి మీద కట్టిన కోట ముందు ఈ ప్రశ్నకు జవాబు వెతకనక్కర్లేదు. ఏటి పక్కన, వానాకాలంలో నీళ్లు నిలిచే నేల మీద లేచిన శిఖరాన్ని చూసినప్పుడు మాత్రం ఆ ప్రశ్న మనల్ని ఊరికే వదలదు.

అలాంటి కట్టడం మనకు దగ్గర్లోనే ఉంది. చెన్నై ఎగ్మోరు రైల్వేస్టేషన్‌కు కాస్త దూరంలో, పూనమల్లి హైరోడ్డు పక్కన, చెట్ల మధ్య ఒక తెల్లటి చర్చి కనిపిస్తుంది. పేరు సెయింట్ ఆండ్రూస్. స్కాట్లండు వాళ్లు కట్టుకున్నది కాబట్టి వాళ్ల మాటలోనే ‘కిర్క్’ అనడం ఊళ్లో అలవాటైంది. 1818 ఏప్రిల్ 6న శంకుస్థాపన జరిగింది, 1821లో ప్రార్థనలు మొదలయ్యాయి. శిఖరం ఎత్తు సుమారు 166 అడుగులు. లోపల 16 స్తంభాల మీద యాభై అడుగులకు పైగా వెడల్పున్న గుమ్మటం ఉంది, దాని లోపలి ముఖానికి నీలి రంగు వేసి బంగారు చుక్కలు పెట్టారు. ఇదంతా కూవం నది వంపు తిరిగే పల్లపు నేలలో నిలబడి ఉంది.

చెన్నైలో ఇంతకన్నా పేరున్న చర్చిలు లేకపోలేదు. కోటలోని సెయింట్ మేరీస్ 1680 నాటిది. శాంతోమ్ బాసిలికా ఇప్పటి రూపం 1896లో పూర్తయింది. సెయింట్ జార్జి చర్చి బిషప్పుకు పీఠమైంది, అందుకే దాని పక్క దారి కెథడ్రల్ రోడ్డయింది. కిర్కులో బిషప్పు పీఠం లేదు కనక అది కెథడ్రల్ కాదు. అయినా నేల గురించి, పునాది గురించి మాట్లాడాలంటే ఈ నగరంలో నేను ముందు చూపించేది దాన్నే. లోపలికి వెళ్లిన వాళ్లందరూ తల ఎత్తి గుమ్మటాన్ని చూస్తారు. అసలు విద్య కాళ్ల కింద ఉంది.

నేల మోతబలం

దమ్ము చేసిన వరిమడిలో అడుగు పెట్టిన వాళ్లకు ఈ అధ్యాయంలో సగం ముందే తెలుసు. కాలు మోపగానే పిక్కల దాకా దిగిపోతుంది. దిగి దిగి ఒకచోట ఆగుతుంది. నాగటి కర్రు అందని గట్టిపొర అక్కడ తగులుతుంది, మనిషి బరువును అప్పుడది మోస్తుంది. అదే మడిలో చదును చేసే పలక మీద ఎక్కి నిలబడ్డ రైతు మాత్రం దిగబడడు. మనిషి బరువు మారలేదు, బురద మారలేదు. పాదమంత చోట పడే బరువు పలకంత చోటుకు పరచుకుంది, అంతే.

మెత్తటి నేల మీద బరువైన కట్టడం కట్టాలనుకున్న వాళ్లకు లోకంలో ఎక్కడైనా ఉన్నవి ముఖ్యంగా ఈ రెండు దారులే. ఒకటి, బరువును వెడల్పుగా పరచడం. రెండు, మెత్తటి పొరను దాటి గట్టిపొర దొరికేదాకా దిగడం. ఒక చదరపు అడుగు నేల కుంగకుండా ఎంత బరువు మోయగలదో దాన్ని ఆ నేల మోతబలం అనుకుందాం. ఇంజనీర్లు బేరింగ్ కెపాసిటీ అనేది దీన్నే. కొండరాయి మోతబలం చాలా ఎక్కువ. బిగుసుకున్న గులకరాళ్లు, గట్టి ఇసుక ఆ తర్వాత. తడిసిన బంకమన్ను బాగా తక్కువ. కుళ్లిన ఆకులూ వేళ్లూ పేరుకుని ఏర్పడిన నల్లమన్ను, అంటే పీట్, అన్నిటికన్నా అధమం. దాంట్లో ఎక్కువ భాగం నీరే. మీద బరువు పడితే నీరు నెమ్మదిగా పక్కకు పోతుంది, మన్ను అణిగిపోతుంది.

చెన్నై నేల ఒక్క తీరున ఉండదు. దక్షిణాన సెయింట్ థామస్ మౌంటు, పల్లావరం వైపు రాయి పైకే కనిపిస్తుంది. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధి మీద పరిచిన పలక ఈ రాతి జాతిదే కావడంతో భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ దానికి చార్నొకైట్ అని పేరు పెట్టాడు. అంత గట్టి రాయి కొన్ని మైళ్ల దూరంలో ఉన్నా, కూవం పరీవాహకంలోకి వచ్చేసరికి పైన పరుచుకున్నదంతా ఏరు తెచ్చి పోసిన ఇసుక, బంకమన్ను పొరలే. ఒకచోట నాలుగు బారలు తవ్వితే గట్టినేల తగలవచ్చు, పక్కనే ఇంకా లోతుకు పోవలసి రావచ్చు.

నిజానికి కట్టడం కుంగడం కన్నా తేడాగా కుంగడం ప్రమాదం. మొత్తం కట్టడం సమంగా రెండు అంగుళాలు దిగిందనుకోండి, గడపలు కాస్త కిందికి పోతాయి తప్ప గోడలకు ఏమీ కాదు. ఒక మూల రెండంగుళాలు దిగి రెండో మూల దిగకపోతే గోడ చీలుతుంది. ఈ తేడా కుంగుదలను డిఫరెన్షియల్ సెటిల్‌మెంట్ అంటారు. కిర్కు నమూనాలోనే ఈ ప్రమాదం ఉంది. ఒక చివర 166 అడుగుల శిఖరం బరువంతా కొద్దిపాటి చోట పడుతుంది. దాని వెనకున్న గుండ్రటి మందిరంలో బరువు స్తంభాల వలయం మీద, బయటి గోడ మీద పడుతుంది. ఒకే నేల మీద ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. మామూలు కందకం పునాది వేసి ఉంటే శిఖరం ముందు దిగేది, మందిరం నుంచి విడిపోయేది.

ఒరలు దింపడం

ఈ చర్చి కట్టిన ఇంజనీరు మేజర్ థామస్ ఫియట్ డి హావిలండ్. ఇంగ్లిష్ చానల్లోని గెర్న్సీ దీవి మనిషి, మద్రాసు ఇంజనీర్ల దళంలో పనిచేశాడు. నమూనా లండన్ నుంచి వచ్చింది. జేమ్స్ గిబ్స్ అనే వాస్తుశిల్పి అక్కడి సెయింట్ మార్టిన్ చర్చికి మొదట గుండ్రటి నమూనా గీశాడు. ఖర్చెక్కువని అక్కడ దాన్ని పక్కన పెట్టారు. గిబ్స్ తన పుస్తకంలో అచ్చువేసిన ఆ నమూనాకు దగ్గరి రూపం మద్రాసులో లేచింది. పైకి కనిపించేది లండన్ నమూనా. కింద ఉన్నది మాత్రం పూర్తిగా ఈ దేశపు పద్ధతి. సుమారు 150 బావులు దింపి, వాటి మీద ఈ చర్చిని నిలబెట్టారు. బావుల లోతు 14 అడుగుల నుంచి 50 అడుగుల దాకా ఉంది.

లోతులో ఇంత తేడా ఉండడమే నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే విషయం. కాగితం మీద గీసిన లెక్క ప్రకారం తవ్వి ఉంటే అన్నీ ఒకే లోతు ఉండేవి. గట్టిపొర ఎక్కడ తగిలితే అక్కడ ఆగారు, తగలకపోతే ఇంకా దిగారు. ఎంత లోతు అనేది నేలే చెప్పింది.

ఊళ్లో బావి తవ్వించిన వాళ్లకు ఈ పని కొత్త కాదు. ఇసుక నేలలో గుంత తవ్వితే పక్కలు కూలి పూడిపోతాయి. అందుకని ముందు నేల మీదే ఒక చెక్క చక్రం పెడతారు. దాని మీద ఇటుకలతో గుండ్రంగా ఒర కడతారు. మనుషులు ఒర లోపలికి దిగి అడుగున మన్ను తవ్వి తట్టలతో పైకి పంపుతుంటారు. కింద ఆధారం పోయేకొద్దీ ఒర తన బరువుతో తానే దిగుతుంది. దిగినంత మేర పైన మళ్లీ ఇటుక వరసలు కడతారు. మళ్లీ తవ్వుతారు. గోడ కట్టేది పైన, గోడ పెరిగేది కిందికి! ఊట ఎక్కువైతే నీళ్లు తోడుతూనో, నీళ్లలో మునిగి మన్ను తీస్తూనో పని సాగిస్తారు. ఒర ఒక పక్కకు ఒరిగితే, ఎత్తుగా ఉన్న వైపు ఎక్కువ తవ్వి దాన్ని తిన్నగా తెస్తారు. ఆ కిటుకు ఇప్పటికీ మారలేదు.

మంచినీళ్ల బావి అయితే జల పడ్డాక పని అయిపోయినట్టే. పునాది బావి అయితే గట్టిపొర మీద ఒర కూర్చున్నాక దాని కడుపు నింపాలి. రాళ్లు, ఇటుక ముక్కలు, సున్నం కలిపి గట్టిగా కూరుతారు. పక్కపక్కన ఉన్న బావుల మూతుల మీద కమానులో, రాతి పలకలో వేసి కలిపేస్తారు. గోడలూ స్తంభాలూ ఆ పైన లేస్తాయి. దీన్ని బావి పునాది, ఇంజనీర్ల మాటలో వెల్ ఫౌండేషన్, అంటారు. ఆగ్రాలో యమున ఒడ్డున తాజ్‌మహల్ కింద ఉన్నదీ ఈ తరహా పునాదే.

బావి గుండ్రంగానే ఎందుకుండాలి? నేల నాలుగు వైపుల నుంచీ ఒరను లోపలికి నొక్కుతుంది. చదునైన గోడ అయితే ఆ నొక్కుడుకు మధ్యలో వంగుతుంది, వంగినచోట ఇటుకలు విడిపోతాయి. గుండ్రటి గోడలో ప్రతి ఇటుకా పక్క ఇటుకను నొక్కుతుంది. నేల ఎంత నొక్కితే వలయం అంత బిగుస్తుంది. ఇటుకకూ సున్నానికీ నొక్కుడును తట్టుకునే శక్తి చాలా ఉంది, లాగుడును తట్టుకునే శక్తి దాదాపు లేదు. గుండ్రటి ఆకారంలో ఇటుకకు చేతనైన పని మాత్రమే ఇటుకకు పడుతుంది.

నింపిన బావి బరువును రెండు విధాలుగా మోస్తుంది. అడుగు గట్టిపొర మీద ఆనుతుంది, వరిమడిలో పాదం ఆనినట్టే. దానితోపాటు బావి గోడ చుట్టూ ఉన్న మన్ను గోడను పట్టుకుంటుంది. ఈ పక్క రాపిడి పైకి కనిపించదు కానీ చిన్నదేమీ కాదు. ఇరవై అడుగుల ఒర చుట్టూ ఎన్ని చదరపు అడుగుల మన్ను అంటుకుని ఉంటుందో ఊహించండి. శిఖరం బరువులో కొంత ఆ మన్నే మోస్తుంది.

ఈ పనిలో తెలుగువాళ్ల పాత్ర చెప్పుకోవాలి. మన్ను పని, రాతి పని, చెరువులూ బావులూ తవ్వడం తరతరాల వృత్తిగా చేసుకున్న వడ్డెరలు మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా తిరిగారు. తమిళ జిల్లాల్లో వాళ్లను ఒట్టర్లు అన్నారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఏ నేలలో ఎంత లోతున ఏం తగులుతుందో పార మొనకు తగిలే తీరును బట్టి చెప్పగల జ్ఞానం అలాంటి వృత్తుల వాళ్లది. ఇంజనీరింగు కాలేజీలు పుట్టకముందు మట్టి పరీక్ష అంటే అదే.

సున్నం నీళ్లలో ఎలా గట్టిపడుతుంది?

ఇక్కడ ఒక చిక్కుంది. సున్నం గట్టిపడడానికి గాలి కావాలి. ముత్యపు చిప్పలనో, గవ్వలనో, సున్నపురాయినో బట్టీలో కాలిస్తే వాటిలోని బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, పోతుంది. మిగిలిన దాన్ని నీళ్లతో విరిచి గోడకు వాడితే, అది గాలిలోంచి ఆ వాయువును నెమ్మదిగా తిరిగి పీల్చుకుని మళ్లీ రాయి అవుతుంది. మరి నేల కింద, నీళ్లలో, గాలి ఆడని చోట?

ఈ దేశపు మేస్త్రీలకు తెలిసిన విరుగుడు సుర్కీ, అంటే కాల్చిన ఇటుకల పొడి. కాల్చిన బంకమన్నులో ఉండే సిలికా నీళ్ల సమక్షంలోనే సున్నంతో కలిసిపోతుంది. గాలి అక్కర్లేదు. రోమన్లు అగ్నిపర్వతపు బూడిదతో చేసిన పనే ఇది. గోడలకు వాడే సున్నంలో బెల్లపు నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవాళ్లు. పై పూతకు గుడ్డు తెల్లసొన, పెరుగు వాడి, నున్నటి రాయితో రుద్ది పాలరాయిలా మెరిపించేవాళ్లు. మద్రాసు చునాం అని దూరదేశాల్లో పేరు పొందిన ఆ పూతకు గవ్వ సున్నమే ఆధారం. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దున ఉన్న పులికాట్ సరస్సు అడుగున అలాంటి గవ్వల మేటలు అపారంగా ఉన్నాయి.

సున్నంలో ఉన్న మరో సుగుణం సిమెంటుకు లేదు. అది కొంచెం లొంగుతుంది. నేల ఏ కాస్త సర్దుకున్నా సున్నపు అతుకు దానితోపాటు సర్దుకుంటుంది. సన్నటి బీటలు పడ్డా, తేమలో కరిగిన సున్నం ఆ సందుల్లో పేరుకుని మళ్లీ గట్టిపడుతుంది. పాత సున్నపు గోడల మీద సిమెంటు పూత వేయడం చాలా ఊళ్లలో చూస్తుంటాం. గోడలోని తేమ బయటికి పోయే దారి దాంతో మూసుకుపోతుంది, ఇటుకలు లోపలే చివికిపోతాయి. మంచి మనసుతో చేసే ఈ మరమ్మతు పాత గుళ్లకూ చర్చిలకూ మసీదులకూ ఎండా వానా చేయలేని చేటు చేస్తోంది.

వించెస్టర్‌లో నీళ్లలోకి దిగిన మనిషి

ఇప్పుడు వరిమడిలోని మరో దారి, పలక దారి, చూద్దాం. దానికి ఇంగ్లండు వెళ్లాలి.

దక్షిణ ఇంగ్లండులో ఇచెన్ నది ఒడ్డున వించెస్టర్ నగరం ఉంది. అక్కడి కెథడ్రల్ నిర్మాణం 1079లో మొదలైంది. పదమూడో శతాబ్దం మొదట్లో బిషప్ డి లూసీ తూర్పు వైపు దాన్ని పొడిగించాడు. నేల చిత్తడి. అందుకని బీచ్ చెట్ల దుంగలు నేలలో పరిచి, ఆ తెప్ప మీద గోడలు లేపారు. తెలివితక్కువ పని కాదది. నీళ్లలో పూర్తిగా మునిగి ఉన్న కలప వందల ఏళ్లు చెడదు, కలపను తినే శిలీంధ్రాలకు గాలి కావాలి కాబట్టి. చిక్కల్లా ఆ తెప్ప కింద ఉన్నది పీట్ కావడమే. ఆరేడు వందల ఏళ్లలో అది బరువుకు అణుగుతూ పోయింది, అన్నిచోట్లా ఒకేలా అణగలేదు. 1905 నాటికి గోడలు బయటికి ఒరిగాయి, కప్పులో బీటలు విచ్చుకున్నాయి.

పీట్ కిందే గట్టి గులకరాళ్ల పొర ఉంది. వాస్తుశిల్పి థామస్ జాక్సన్, ఇంజనీరు ఫ్రాన్సిస్ ఫాక్స్ గోడల కింద కొద్దికొద్దిగా గుంతలు తవ్వించి, ఆ పొర మీద కొత్త పునాది వేయాలనుకున్నారు. తవ్వగానే గుంతల్లో నీళ్లు ఉబికాయి. తోడదామంటే, నీళ్లతోపాటు గోడల కింది సన్నమన్ను కూడా కొట్టుకొచ్చి ఉన్న గోడ కూలే ప్రమాదం. అప్పుడు విలియం వాకర్ అనే గజ ఈతగాణ్ని పిలిపించారు. 1906 నుంచి 1911 దాకా ఆయన బరువైన డైవింగు దుస్తులు వేసుకుని ఆ బురద నీళ్లలో పనిచేశాడు. ఇరవై అడుగుల దాకా లోతు, చిమ్మచీకటి, చేతుల స్పర్శే ఆధారం. గులకరాళ్ల పొర మీద కాంక్రీటు సంచులు పేర్చి, వాటిని కోసి, ఒకదానితో ఒకటి కలిసి గట్టిపడేలా చేశాడు. అడుగున ఊట మూసుకున్నాక నీళ్లు తోడితే ప్రమాదం లేదు. అప్పుడు మేస్త్రీలు దిగి ఇటుకలతో గోడ అడుగు దాకా కట్టుకొచ్చారు. వాడిన కాంక్రీటు సంచులు పాతికవేల పైచిలుకు. ఇటుకలు దాదాపు తొమ్మిది లక్షలు. 1912 జూలై 15న జరిగిన కృతజ్ఞతా ప్రార్థనకు రాజు అయిదవ జార్జి స్వయంగా వచ్చాడు.

ఆ ఆరేళ్ల శ్రమ ఏమిటో మన భాషలో చెప్పుకోవచ్చు. పలక మీద నిలబడ్డ కట్టడానికి, ఏడు వందల ఏళ్ల తర్వాత, గట్టిపొర దాకా కాళ్లు అమర్చారు. ఎగ్మోరు బావుల్లో కట్టడానికి ముందే చేసిన పని, అక్కడ నిలబడి ఉన్న గోడ కింద, నీళ్లలో, గుంత తర్వాత గుంతగా చేయాల్సి వచ్చింది. దీన్నిబట్టి తూర్పు గొప్ప, పడమర తక్కువ అనుకోవడం నాకిష్టం లేదు. పక్క జిల్లాలోనే ఉన్న సాల్స్‌బరీ కెథడ్రల్ చూడండి. శిఖరం 404 అడుగులు, పునాది లోతు సుమారు నాలుగడుగులు! అయినా దాదాపు ఏడు వందల ఏళ్లుగా నిలిచింది, కింద ఉన్నది మంచి గులకరాళ్ల పొర కాబట్టి. ఆ పొర ఎప్పుడూ తడిగా ఉంటేనే దాని బలం. అందుకని చర్చి లోపల నేల మీది ఒక పలక ఎత్తి, కర్ర దించి నీటిమట్టం ఎంతుందో ఇప్పటికీ చూస్తుంటారు. మన ఓరుగల్లు శిల్పులు ఇంకో దారి పట్టారు. 1213 నాటి పాలంపేట రామప్ప గుడి కింద గుంత తీసి ఇసుక కూరి, ఆ ఇసుక మీద గుడి నిలబెట్టారు. పక్కలకు జారే దారి లేకుండా బిగించిన ఇసుక మంచి మోతబలం ఇస్తుంది, బరువును సమంగా పంచుతుంది. ఏ నేలకు ఏ వైద్యమో తెలిసిన వాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

పైన మరో వలయం

కిర్కు గుమ్మటం గురించి నాలుగు మాటలు చెప్పకపోతే అన్యాయం. బావిలో పనిచేసిన సూత్రమే పైన కూడా పనిచేస్తుంది, ఒక తేడాతో. గుమ్మటాన్ని ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇటుక వలయాలు అనుకోండి. పై వలయాలు లోపలికి పడబోయి ఒకదాన్నొకటి బిగించుకుంటాయి, బావి ఒరలో ఇటుకల మాదిరే. కిందికి వచ్చేకొద్దీ పరిస్థితి మారుతుంది. సరిగ్గా సగం గోళంగా ఉన్న గుమ్మటంలో నడినెత్తి నుంచి సుమారు 52 డిగ్రీలు దిగేసరికి వలయాలు బయటికి విచ్చుకోవాలని చూస్తాయి. అక్కడ ఇటుకకు లాగుడు మొదలవుతుంది, అది ఇటుకకు చేతకాని పని. లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో క్రిస్టఫర్ రెన్ ఇనప గొలుసు చుట్టి ఆ లాగుడును ఆపాడు. ఎగ్మోరులో గుమ్మటం చుట్టూ ఉన్న వలయాకారపు కట్టడం, దాని వెనక మందపాటి గోడ బయటికి వచ్చే తోపుడుకు అడ్డు నిలుస్తాయి.

ఇటుక మీద డి హావిలండ్‌కున్న నమ్మకం కొత్తగా పుట్టింది కాదు. అంతకు పదేళ్ల ముందే శ్రీరంగపట్నంలో తన తోటలో 112 అడుగుల వెడల్పున ఒక ఇటుక కమాను కట్టి చూపించాడు. అంత పల్చటి వంపున్న ఇటుక కమాను నిలవదని అనుమానించిన వాళ్లకు అది జవాబు. 1937 దాకా అది నిలిచే ఉంది.

కూవం నుంచి గోదావరికి

కిర్కు తలుపులు తెరిచిన 1821లోనే మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరిన ఒక కుర్రవాడు ఓడ దిగాడు. పేరు ఆర్థర్ కాటన్. తర్వాత ఆయన కావేరి మీది పాత కల్లణై ఆనకట్టను చూసి, లోతు అంతుచిక్కని ఇసుకలో పునాది వేసే విద్య ఈ దేశస్థుల దగ్గరే నేర్చుకున్నామని బాహాటంగా రాశాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు గోదావరి ఇసుకలో ఆయన ఒరలు దింపించాడు. 1852కి ఆనకట్ట పూర్తయింది. ఉభయగోదావరి జిల్లాల్లో ఆయన్ని దేవుడిలా కొలిచే రైతులు ఉన్నారు, ఆ కృతజ్ఞత న్యాయమైనదే. ఆయన నేర్చుకున్నానని చెప్పిన మేస్త్రీలకూ వడ్డెరలకూ అందులో వాటా ఇవ్వాలి. రాజమండ్రి దగ్గర 1900లో తెరిచిన హేవలాక్ రైలు వంతెన, ఆ తర్వాత పక్కన లేచిన వంతెనలు, అన్నీ నదిలో బావులు దింపి కట్టినవే. ఇప్పుడు ఒరలు కాంక్రీటువి, అడుగున ఉక్కు అంచు, మన్ను తీసేది క్రేను. లోపల తవ్వితే బరువుతో దిగడం మాత్రం అదే.

మరి నేల మారితే?

కట్టిన రోజున నేల ఎలా ఉందో ఎప్పటికీ అలాగే ఉండదు. చెన్నై ఈ విషయాన్ని కొద్ది ఏళ్లలోనే రెండు విధాలా చూసింది. 2015 డిసెంబరులో కూవం, అడయారు పొంగి ఊరు మునిగింది. 2019 వేసవిలో చెరువులూ జలాశయాలూ ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చుకోవలసి వచ్చింది. భూగర్భజలం బాగా దిగితే బంకమన్ను ఎండి ముడుచుకుంటుంది, తిరిగి తడిస్తే ఉబ్బుతుంది. ఆ ఉబ్బడం, ముడుచుకోవడం పై పొరల్లో ఎక్కువ. లోతుకు దిగిన బావి పునాదిని అది అంతగా కదపలేదు. ఇటుకా సున్నమూ కనక, వించెస్టర్ దుంగల్లా గాలి తగిలితే కుళ్లే భయం కూడా లేదు. ప్రమాదమంతా లోతు లేని కందకం పునాదుల మీద కట్టిన మామూలు ఇళ్లకే. ఇంటి కప్పు మీద పడ్డ వాననీటిని నేలలోకి ఇంకించాలని 2003లో తమిళనాడు ప్రభుత్వం తప్పనిసరి చేసింది తాగునీటి కోసం. ఆ నీరు నేల తేమను నిలకడగా ఉంచి ఇంటి పునాదికి కూడా మేలు చేస్తుంది.

మీ ఇంటి గోడ మీద బీట కనిపిస్తే దాన్ని చదవడం నేర్చుకోవచ్చు. పూతలో వెంట్రుక మందాన అడ్డదిడ్డంగా అల్లుకున్నవి సాధారణంగా పూత ఎండడం వల్ల వచ్చేవి, భయపడనక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా, ఇటుకల అతుకుల వెంట మెట్లు మెట్లుగా, ఒక చివర సన్నగా రెండో చివర వెడల్పుగా పోయే బీట అయితే నేల తేడాగా కుంగుతోందని అనుమానించాలి. అది ఇంకా కదులుతోందా, ఎప్పుడో ఆగిపోయిందా అని తెలుసుకోవడానికి పాత కెథడ్రల్‌లను చూసుకునే ఇంజనీర్లు చేసే పని మనమూ చేయవచ్చు. బీటకు అడ్డంగా పల్చటి గాజు పట్టీని రెండు వైపులా గట్టిగా అతికించి, పక్కన తేదీ రాసి పెట్టండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచినా గాజు పగలకపోతే బీటను పూడ్చుకుంటే చాలు. పగిలితే పూత మేస్త్రీని కాదు, పునాది తెలిసిన ఇంజనీరును పిలవాలి.